గోపాలపూర్ దాకా

బరంపురంలో ఉండేవారికి గోపాలపూర్ పరాయి ఊరు కాదు. 16 కిలోమీటర్లు. బస్సెక్కితే గంటలోపే సముద్రపు ఒడ్డు. అయినా మా నాన్నగారికి రెండేళ్లుగా అది కాశీ అంత దూరమైపోయింది. ఊపిరితిత్తుల జబ్బు. నడిస్తే ఆయాసం. ఇంట్లో గోడవార ఉన్న ఆక్సిజన్ యంత్రం బరువు సుమారు 15 కిలోలు. దాని గొట్టం ఎంత పొడుగో ఆయన లోకమూ అంతే.

“ఒక్కసారి ఆ రేవు చూపించరా” అన్నారొకనాడు. మా తాతగారు రంగూన్ ఓడ ఎక్కినది అక్కడే.

భుజాన తగిలించుకొనే యంత్రం కోసం బయలుదేరాను. దుకాణదారు 2 కిలోల పైచిలుకు ఉన్నది చూపి, “ఇంతకంటె తేలికైనది మా దగ్గర లేదండి” అన్నాడు. గుమాస్తాను గదా, ధర, తూకం చూసి సంతోషించాను. మా డాక్టరుగారు మాత్రం, “తగిలించి, నడిపించి చూసి కొనండి” అని ముందే చెప్పారు. నాన్నగారిని వెంటబెట్టుకొనే వెళ్లాను.

ఈ యంత్రంలో ఆక్సిజన్ నిలవ ఉండదు. చుట్టూ ఉన్న గాలిని పీల్చి, అందులో నూటికి 78 పాళ్లుండే నత్రజనిని జియోలైట్ గుళికలలో పట్టి ఉంచి, మిగిలిన ఆక్సిజన్‌ను మనకిస్తుంది. తేలికపాటి యంత్రాలు చాలావరకు ఎడతెగకుండా ఇవ్వవు. ముక్కుతో పీల్చినపుడల్లా ఒక్కొక్క గుక్క ఇస్తాయి. వాటిమీది 2, 3 అంకెలకు నిమిషానికి 2, 3 లీటర్లని అర్థం కాదు.

కూర్చున్నంతసేపు వేలికి పెట్టిన మీటరు 93 చూపింది. వరండాలో రెండు చుట్లు తిరిగేసరికి 84. అంకె చివరిదాకా పెంచినా 86 దాటలేదు. కిలో బరువెక్కువైన మరొకటి తగిలిస్తే అదే నడకలో 90కి తగ్గలేదు.

“ఈ బరువెవరు మోస్తారురా?” అన్నారు నాన్నగారు.

“నేను మోస్తాను. చిన్నప్పుడు ఆ ఇసుకలో మీరు నన్ను మోయలేదా?”

బ్యాటరీ 4 గంటలు వస్తుందని పెట్టెమీద ఉంది. అది చిన్న అంకెమీది లెక్క. మాకు కావలసిన అంకెమీద 2½ గంటలే. అందుకని ఇంకొక బ్యాటరీ కొన్నాను.

జనవరిలో ఒక ఉదయం ఆటోలో వెళ్లాము. మొక్కజొన్న పొత్తులు కాల్చే కుంపటికి దూరంగా కూర్చున్నాము. ఆక్సిజన్ దగ్గర నిప్పు పనికిరాదు. గుడిలో హారతి దగ్గరా ఇదే జాగ్రత్త. జాలరులు వలలు సర్దుకొంటూ తెలుగులోనే మాట్లాడుకొంటున్నారు. నాన్నగారు వారిని పిలిచి, పాత రేవు ఎటువైపని అడిగారు. వారు చూపిన వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. ఏమీ మాట్లాడలేదు. నేను మాత్రం గడియారం, మీటరు చూసుకొంటూ కూర్చున్నాను.

ఇటువంటి పెద్దలున్న ఇళ్లవారికి నా మనవి ఒక్కటే. తూకం చూసి కొనకండి, నడిపించి చూసి కొనండి.

ఇప్పుడాయన సింహాచలం అంటున్నారు. డాక్టరుగారినీ, బ్యాటరీనీ అడిగి చెప్పాలి.