తష్ఖీస్

ఉర్దూ మీడియంలో ఐదో జమాత్ చదివేటప్పుడు మాకు వారానికోసారి ఇమ్లా ఉండేది. మౌల్వీ సాబ్ ఒక్కో లఫ్జ్ పలికేవారు, మేం కాపీలో రాసేవాళ్లం. ‘తష్ఖీస్’ వచ్చిన రోజు సగం క్లాసు బెంచీ ఎక్కి నిలబడింది. చివర వచ్చే ‘స’ని సీన్‌తో రాయాలా, సేతో రాయాలా, స్వాద్‌తో రాయాలా అన్నదే గొడవ. స్వాద్‌తో రాయాలి. మానే అడిగితే ‘మర్జ్ కో పహచాన్‌నా’ అని బట్టీ కొట్టి అప్పజెప్పాం. చాలా ఏళ్ల తర్వాత తెలుగు డిగ్రీలో దాన్నే ‘రోగ నిర్ధారణ’ అని చదివాను.

రెండింటి అర్థం ఒకటే. కానీ ఉర్దూ లఫ్జ్‌లో ఒక సంగతి దాగి ఉంది. ‘షఖ్స్’ అంటే మనిషి. తష్ఖీస్ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. గుంపులో నలభై మంది ఉంటే, ఫలానా షఖ్స్ ఇతనే అని వేలు పెట్టి చూపించగలగాలి. ఆ మానే నాకు కితాబుల్లో దొరకలేదు. షాద్‌నగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో, మా పాత మారుతి 800 బానెట్ కింద దొరికింది.

మా కారు 2007 మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పదిహేనేళ్లు నిండాక ఆర్టీఏలో మళ్లీ ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ చేయించాం. ‘ఇంకెన్నాళ్లు భాయ్, తుక్కు కింద అమ్మేయండి’ అని మా బామ్మర్ది ప్రతి ఈద్‌కీ అంటాడు. అమ్మీకి వారానికి మూడు రోజులు డయాలిసిస్. సోమ, బుధ, శుక్రవారాలు. పొద్దున ఆరింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. నాలుగు గంటలు మెషిన్ మీద ఉండి లేచాక ఆమెకు ఆటోలో కూర్చునే ఓపిక కూడా ఉండదు. డయాలిసిస్ ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది, రానూపోనూ ఖర్చు మాత్రం మాదే. కాబట్టి ఆ కారు మాకు షాన్ కాదు, జరూరత్.

ఆ ఆదివారం మహబూబ్‌నగర్‌లో మా ఖాలా మనవడి వలీమా. అమ్మీ వస్తానని జిద్ చేసింది. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ ఉండగా రెండు ముద్దలు తెల్లన్నం తిని, అందరికీ దువాలు ఇచ్చి లేచింది. పిల్లలూ వాళ్లమ్మా చుట్టాల బండిలో ముందు వెళ్లిపోయారు. అమ్మీ, నేను వెనకాల బయల్దేరాం. జడ్చర్ల దాటాం, బాలానగర్ దాటాం. షాద్‌నగర్ ఇంకో ఐదారు కిలోమీటర్లు ఉందనగా, లారీ అడ్డొచ్చి బండి స్లో చేశాను. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. కొంచెం రేస్ ఇస్తే ఆరింది. మళ్లీ వెలిగింది. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేశాను.

ఆ దీపం గురించి ఒక మాట. ఆయిల్ తగ్గిందని చెప్పడానికి అది వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పంపు ఆయిల్‌ని బేరింగుల మధ్యకు తోస్తూ ఉండాలి. ఆ ప్రెషర్ పడిపోతే ఇనుము ఇనుముని రాసుకుంటుంది. అలా నడిపితే ఇంజన్ సీజ్ అవడానికి ఎక్కువసేపు పట్టదు. ‘వచ్చే ఊరిదాకా పోనిద్దాం’ అనుకునే వేళ కాదది.

దిగి చూస్తే సైలెన్సర్ మీద ఆయిల్ పడి పొగ, మాడు వాసన. వెనక్కి చూస్తే రోడ్డు మీద నల్లటి గీత. ఆయిల్ గేజ్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీశాను. కొసకి కూడా తడి అంటలేదు. శనివారం సాయంత్రం చూసినప్పుడు పై గీత దాకా ఉంది.

ఒక ట్రాలీ ఆటో అబ్బాయి తాడు కట్టి మమ్మల్ని షాద్‌నగర్ చేర్చాడు. రోడ్డు మీదే పెద్ద బోర్డున్న గ్యారేజీ కనిపించింది. అక్కడి మెకానిక్ బండి కింద టార్చి వేసి ఒక్క నిమిషం చూశాడు. ‘ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట తడి ఉంది సార్. వెనక ఆయిల్ సీల్ పోయింది. గేర్‌బాక్స్ దించాలి. పాత బండి కదా, దించాక ఇంకేం బయటపడతాయో చెప్పలేం. పద్దెనిమిది వేలు పెట్టుకోండి, మూడు రోజులు పడుతుంది’ అన్నాడు. మూడు రోజులంటే బుధవారం. మధ్యలో సోమవారం ఉంది. పద్దెనిమిది వేలంటే మా పెద్దపాప కాలేజీ ఫీజులో రెండో కిస్తు. అమ్మీ వెనక సీట్లోంచి అంతా వింటోంది. తస్బీహ్ తిప్పుతున్న వేళ్లు ఆగాయి.

జుహర్ వక్త్ దాటిపోతోందని దగ్గర్లోని మసీదుకి వెళ్లాను. వజూ దగ్గర నా చేతుల మీది నలుపు చూసి ఒక పెద్దాయన ఏమైందని అడిగారు. చెప్పాను. ‘దించే ముందు వెనక గల్లీలో ఉస్తాద్‌కి ఒకసారి చూపించండి మియా’ అన్నారు.

ఉస్తాద్‌కి డెబ్బై దాటి ఉంటాయి. గళ్ల లుంగీ, దారంతో కట్టిన చష్మా. అంబాసిడర్లు, ఫియట్‌ల కాలంలో హైదరాబాద్‌లో పని నేర్చుకుని వచ్చారట. అమ్మీకి వేపచెట్టు కింద మంచం వేయించి, నీళ్లు తాగుతారా అని అడిగారు. డయాలిసిస్ అని చెప్పగానే గ్లాసులో సగం తగ్గించి ఇచ్చారు. అది చూశాక నాకు భరోసా కలిగింది.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు అడిగారు. దీపం పరుగులో వెలిగిందా, స్లో చేసినప్పుడా? ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? అడుగున రాయిగానీ స్పీడ్‌బ్రేకర్‌గానీ తగిలిందా? సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందా? రాత్రి బండి నిలిపిన చోట నేల మీద మచ్చ ఉందా? నాకు మా డెస్క్ గుర్తొచ్చింది. వార్త పట్టుకెళ్తే సీనియర్లు ఇట్లాగే అడుగుతారు.

అన్నీ చెప్పాను. ఆయిల్ మార్చి నాలుగు నెలలు. ఏదీ తగల్లేదు. నీలం పొగ లేదు. ఇంటి ముందు నేల పొడిగా ఉంది.

‘ప్యాకింగులు, సీళ్లు ముసలివాళ్లలాంటివి మియా, ఎక్కువసార్లు చెప్పే పోతాయి. ముందు చెమట పడతాయి, తర్వాత బొట్టు, ఆ తర్వాత ధార. నిన్నటిదాకా పొడిగా ఉండి ఇవాళ ఒక్క గంటలో ఖాళీ అయిందంటే, ముందు ప్రెషర్ ఉన్న జాగాలు వెతకాలి’ అన్నారు.

తర్వాత ఒక్కొక్క షఖ్స్‌నీ పిలిచి హాజరు తీసుకున్నట్టే చూశారు. కారిందాన్ని వేలితో తీసి రుద్ది, వాసన చూశారు. నల్లగా జిగటగా ఉంది, ఇంజన్ ఆయిలే. ఆకుపచ్చగానో గులాబీగానో ఉంటే రేడియేటర్‌లో పోసే కూలెంట్ అనుకోవచ్చు. ఏసీ వేస్తే కారేది ఉట్టి నీళ్లు. గేజ్ మీద మిగిలిన జిడ్డు పాలు పోసిన కాఫీ రంగులో లేదు, కాబట్టి ఆయిల్లో నీళ్లు కలవలేదు. అడుగున చాంబర్‌కి సొట్ట లేదు. డ్రైన్ బోల్టు బిగువుగా ఉంది. ఫిల్టర్ బిగువుగానే ఉంది. కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు పాతదాని రబ్బరు ఇంజన్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగిస్తే ఇలాగే ఒక్కసారిగా కక్కుతుందట. అదీ కాదు. బ్రీదర్ పైపు ఊది చూశారు. అది మూసుకుపోతే లోపల గాలి బిగిసి మంచి సీళ్లను కూడా తోసేస్తుందట. అదీ బాగానే ఉంది.

అప్పుడు కిరసనాయిలు, బ్రష్షు తెప్పించి ఇంజన్ మొత్తం కడిగించారు. బనియన్ వేస్టుతో తుడిపించి, గాలి కొట్టించారు. ఆరాక షెల్ఫ్ మీది పౌడర్ డబ్బా తీసి, అనుమానం ఉన్న చోటల్లా చల్లారు. పాత ఇంజన్ పెళ్లికొడుకులా తెల్లబడింది. అమ్మీ మంచం మీద నుంచే నవ్వింది.

బండి కింద పరచడానికి కుర్రాడు పాత పేపర్ల కట్ట తెచ్చాడు. పైన ఉర్దూ అఖ్బార్ ఉంది. ఉస్తాద్ దాన్ని తీసి జాగ్రత్తగా అల్మారా మీద పెట్టారు. ‘ఇందులో పాక్ నామాలు ఉంటాయి, కింద వేయకూడదు’ అన్నారు. తర్వాతిది తెలుగు పేపర్. మాదే, జిల్లా ఎడిషన్. మూడో పేజీలో రెండు వారాల కింద నేను రాసిన వార్త పైకి వచ్చింది. నేనేమీ అనలేదు.

రెండు లీటర్ల ఆయిల్ పోశారు. మా ఇంజన్‌లో పట్టేదే మూడు లీటర్ల లోపు. స్టార్ట్ చేయకుండా పది నిమిషాలు ఆగారు. పేపర్ మీద ఒక్క బొట్టు పడలేదు. ‘నిలబడ్డప్పుడు కారడం లేదు. అంటే చాంబర్ కాదు, బోల్టు కాదు. ఇప్పుడు స్టార్ట్ చేయండి’ అన్నారు.

దీపం ఆరింది. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత ఫిల్టర్‌కి దగ్గర్లో, ఇంజన్ గోడకు బిగించిన బొటనవేలంత ముక్క నుంచి సన్నటి నల్లదారం లేచింది. రేస్ ఇస్తే చిమ్మింది. తెల్లటి పౌడర్ మీద గీత గీసుకుంటూ వెనక్కి జారి, సరిగ్గా ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటికి చేరింది. ఉస్తాద్ చేయి ఊపారు. నేను ఆపేశాను.

అది ఆయిల్ ప్రెషర్ స్విచ్. డాష్‌బోర్డు మీది ఎర్రదీపాన్ని వెలిగించేది, ఆర్పేది అదే. లోపల పలచటి పొర ఒకటి ఉంటుంది. అది చిరిగితే పంపు తోసే ఆయిల్ వైరు తగిలించే చోటు నుంచే బయటికి వచ్చేస్తుంది. కాపలా కాసేవాడి దగ్గరే కన్నం పడిందన్నమాట.

నాకు మొదటి గ్యారేజీ మీద కోపం వచ్చింది. ఉస్తాద్‌కి రాలేదు. ‘అతను ఝూట్ చెప్పలేదు మియా. తడి అక్కడే ఉంది. ఆయిల్ ఎప్పుడూ కిందికి జారుతుంది, బండి పరిగెత్తితే గాలికి వెనక్కి పోతుంది. తడిసిన వాటిలో అన్నిటికంటే పైన ఉన్నది, అన్నిటికంటే ముందు ఉన్నది చూడాలి. అతను పైకి చూడలేదు, అంతే’ అన్నారు.

మంచం మీద నుంచి అమ్మీ గొంతు వినిపించింది. ‘మేరే పావాఁ జైసాచ్.’ నా కాళ్లలాగే అంది.

షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు, నాకు అర్థమైంది. అమ్మీకి మొదట వచ్చింది పాదాల వాపు. మొహల్లాలో ఒక క్లినిక్‌లో రెండేళ్లు ఆ పాదాలకే ఇలాజ్ జరిగింది. పూత మందు, నొప్పి మాత్రలు, మళ్లీ నొప్పి మాత్రలు. షుగర్ ఉన్న మనిషి, బీపీ ఉన్న మనిషి. మూత్రంలో ప్రోటీన్ పోతోందా, క్రియాటినిన్ ఎంత ఉంది అని ఎవరూ రాయలేదు. రెండూ మామూలు ల్యాబులో చేసే పరీక్షలే. తడి పాదాల దగ్గర కనిపించింది, కారుతున్నది గుర్దాల దగ్గర. పైగా నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు అసలే దెబ్బతిన్న గుర్దాలను ఇంకా దెబ్బతీస్తాయి. పెద్దాసుపత్రిలో తష్ఖీస్ జరిగేటప్పటికి మిగిలిన దారి మెషిన్ ఒక్కటే.

మా పేషాలోనూ ఇదే చూస్తుంటాను. మచ్చ ఏ మొహల్లాలో కనిపించిందో చూసి, అక్కడే పుట్టిందని రాసేస్తారు. పైకి వెతుక్కుంటూ వెళ్లడానికి టైము పడుతుంది, చేతులు మురికి అవుతాయి.

కుర్రాడు టీవీఎస్ మీద వెళ్లి కొత్త స్విచ్ తెచ్చాడు. 220 రూపాయలు. ఉస్తాద్ పాతదాన్ని పానాతో విప్పి, కొత్తదాని మరలకు సీలెంట్ రాసి బిగించారు. మరీ గట్టిగా తిప్పితే మరలు పోతాయని కుర్రాడికి చూపించి చెప్పారు. గేజ్ పై గీత దాకా ఆయిల్ నింపి, మళ్లీ తుడిచి, మళ్లీ పౌడర్ చల్లి, పది నిమిషాలు ఇంజన్ నడిపించారు. పౌడర్ తెల్లగానే ఉంది. చెవి పెట్టి విన్నారు. లోపల టక్‌టక్ లేదు. ‘దీపం చూసి వెంటనే ఆపారు, అదే బతికించింది’ అన్నారు. మూడు లీటర్ల డబ్బా 1,050, మజూరీ 300. మొత్తం 1,570 రూపాయలు. నేను ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు. ‘అమ్మీజాన్‌ని నా కోసం దువా చేయమనండి’ అన్నారు. ఐదు కిలోమీటర్లు పోయాక ఒకసారి, ఇల్లు చేరాక ఒకసారి గేజ్ చూడమన్నారు. రెండుసార్లూ చూశాను. సోమవారం ఆరింటికి ఆసుపత్రిలో ఉన్నాం, అల్హమ్దులిల్లాహ్.

మన ఇళ్లలో పాత బండ్లు ఎక్కువ, షుగర్ ఉన్న అమ్మీలు, అబ్బాలు ఎక్కువ. రెండింటికీ పనికొచ్చే మాట ఒకటే. మెకానిక్ గానీ డాక్టర్ గానీ పెద్ద పని చెప్పినప్పుడు, ‘ఎక్కడి నుంచి మొదలైంది? చూపించండి’ అని అదబ్‌గా అడగండి. తుడవకుండా, చూడకుండా దించుతానంటే, పరీక్ష రాయకుండా మాత్రలు రాస్తే, రెండో మనిషికి చూపించండి. నిజంగానే గేర్‌బాక్స్ దించాల్సిన రోజులు కూడా ఉంటాయి. దించే ముందు తెలియాలి, అంతే.

ఇప్పుడు ప్రతి జుమ్మాకి, అమ్మీని ఆసుపత్రి నుంచి తెచ్చి దింపాక, నమాజుకి తయారయ్యే ముందు ఇంజన్ చల్లారాక గేజ్ తీసి చూస్తాను. అమ్మీ చేతిలో ఆ నెల రిపోర్టు ఉంటుంది. హీమోగ్లోబిన్ అంకె ఎంతో ఆమెకి కంఠతా వచ్చు. గుమ్మంలోంచి అడుగుతుంది: ‘గాడీ కా ఖూన్ కిత్నా హై రే?’

పై గీత దాకా ఉందమ్మీ అంటాను.