లక్క సీలు

నాన్న చిన్న కాంట్రాక్టరు. టెండరు రోజు అమ్మ కవరుకి లక్క సీలు వేసి, దేవుడి దగ్గర పెట్టి ఇచ్చేది. ఆఫీసు గేటు దగ్గరే నలుగురు అడ్డుపడేవాళ్లు: "ఈ పని మావాడిది, నువ్వెళ్లిపో." లక్క చెదరకుండా కవరు ఇంటికి తిరిగొచ్చేది.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. కొన్నేళ్లకి మాదాకా చేరింది. గేటు లేదు, బాక్సు లేదు. డిజిటల్ కీ పెట్టి బిడ్ నేనే అప్‌లోడ్ చేశాను. బడి ప్రహరీ గోడ. అంచనాకి 18 శాతం లెస్. ఎల్-1 మేమే!

నాన్న మాత్రం లెక్కల కాగితం వదల్లేదు. "ఈ రేటుకి సిమెంటు సరిగ్గా వేస్తే మనం మునుగుతాం. తగ్గిస్తే గోడ కూలుతుందిరా."

గోడ నిలబడింది. అమ్మ గాజులు పోయాయి. ఇప్పటికీ టెండరు ప్రకటనల్లో 'తక్కువ ధర' అన్నచోట ఆగిపోతాను. ఆ తగ్గింది ఎవరింట్లోంచో, ఏ గోడలోంచో.