దగ్గొస్తే భయం

మార్కాపురంలో నేను రోగులను చూసే గదికి వచ్చే ఆడవాళ్లలో ఒంటేలు ఆగడం లేదని నేరుగా చెప్పేవాళ్లు అరుదు. నడుం నొప్పంటారు, నీరసమంటారు. ఒంటేలు కారుతోందా అని అడిగితే లేదనే అంటారు. అందుకే ప్రశ్న మార్చుకున్నాను: "పడిశం పట్టినప్పుడు చీర మార్చుకోవాల్సి వస్తోందా అమ్మా?" అప్పుడు ఒకసారి తలుపు వైపు చూసి, మొగుడు వినేంత దగ్గర్లో లేడని తేల్చుకుని, అసలు మాట బయటపెడతారు.

పెద్దారవీడు మండలం నుంచి వచ్చిన ఒకామెకు రెండో కాన్పయి కొన్ని నెలలే. మిరప చేలో కాయ కోస్తూ తుమ్మితే చాలు, తడిసిపోతోందట. పక్క సాలులో వాళ్లకు వాసన తెలుస్తుందేమోనని కూలికి పోవడమే మానేసింది. "ఇద్దరు పిల్లలు చాలు, ఆ సంచి తీసేయండి మేడం" అంది. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల.

ఈ కోరిక ఆమె ఒక్కదానిదే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తం మీద అది 3.2 శాతమే. పిల్లలు చాలనుకున్నాక గర్భసంచిని అక్కరలేని సామానుగా చూడటం మనకు అలవాటైపోయింది. అందులో మా డాక్టర్ల వాటా తక్కువేమీ కాదు. కానీ దగ్గితే మూత్రం కారడానికి సంచి తీసేస్తే జరిగే మేలేమీ లేదు. లోపం ఉన్నది కింది కండరాల్లో.

ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఉయ్యాల కట్టినట్టు ఉండే కండరాలవి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వాటి మీదే ఆనుకుని ఉంటాయి. నెలలు నిండేకొద్దీ ఆ బరువు పెరుగుతుంది, కాన్పులో అవి బాగా సాగిపోతాయి. "నాది ఆపరేషన్ కాన్పు గదా" అని ధీమాగా ఉండేవాళ్లకు చెప్పేదొకటే: బిడ్డను తొమ్మిది నెలలు మోసింది ఆ కండరాలే.

వాటికి వ్యాయామం చెప్పొచ్చని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే రాశాడు. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా బిగబడతామే, అలా లోపలికి, పైకి లాగి పట్టాలి. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. ఒక్కో విడతకు కనీసం ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలా, మూడు నెలలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. ఏ ఇబ్బందీ లేని గర్భిణులు ముందే మొదలుపెడితే, నిండు నెలల్లో మూత్రం కారే ముప్పు దాదాపు 62 శాతం తగ్గుతుందని కోక్రేన్ సమీక్ష తేల్చింది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణుల పరీక్షలకు ప్రభుత్వాసుపత్రిలో గంటల తరబడి కూర్చుంటారు కదా, ఈ పాఠం అక్కడే చెప్పొచ్చు.

ఈ పాఠానికి కరపత్రాల మీద నాకు నమ్మకం లేదు; రోజూ చేసే పనిలోనే నేర్పాలి. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తాయని వింటూనే ఒక తరం ముసలిదైంది. తాగడానికి ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుని, పచ్చి బాలింత కూడా దాన్ని ఎత్తుతుంది. అందుకే వ్యాయామం ఆ క్యానుతోనే నేర్పుతాను: ముందు కింద బిగించు, తర్వాత ఎత్తు. దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా అంతే. పలకల పనికి పోయి ఆ దుమ్ముకు దగ్గు పట్టినవాళ్లకు ముందు ఆ దగ్గు తగ్గాలి.

పథ్యం సంగతి మరీ కష్టం. బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే చెరుపని గుటకలు లెక్కపెట్టి ఇస్తారు. వెల్లుల్లి కారం, అన్నం తప్ప కూర ఉండదు. దాంతో విరేచనం గట్టిపడుతుంది, బాలింత ముక్కుతుంది, ఉన్న పట్టు కాస్తా సడలుతుంది. నడుం కట్టు వద్దనను గానీ, ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికే పోతుంది. ఇవన్నీ కోడలికి చెప్పి లాభం లేదు, అత్తకే చెప్పాలి.

అందరికీ బిగించమనే చెప్పకూడదు కూడా. కుట్లు మానాక కలయిక భరించలేనంత నొప్పి అని ఒకామె వచ్చింది. పరీక్షిస్తే కండరాలు వదులుగా లేవు, బిగుసుకుపోయి ఉన్నాయి. ఎవరో చెప్పిన వ్యాయామం విడవకుండా చేస్తోంది పాపం. అది మాన్పించి, ఊపిరి మెల్లగా వదులుతూ సడలించడం నేర్పాల్సి వచ్చింది. ఆ తేడా చేత్తో చూసి చెప్పగల ఫిజియోథెరపిస్టులు మా పల్లెలకు దగ్గర్లో లేరు.

మిరప చేను ఆమె నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు అత్త తోడొచ్చింది. కారడం పూర్తిగా ఆగలేదు గానీ తగ్గింది, కూలికి పోతోంది. కోడలు బల్ల దిగాక అత్త గొంతు తగ్గించి అడిగింది: "ఇప్పుడు చేస్తే నాకు పనికొస్తాదా?" చూస్తే సంచి బాగా కిందికి జారి ఉంది. వ్యాయామం ఒక్కటే చాలదని చెప్పి, సంచి జారకుండా లోపల ఆపే రింగు పెట్టాను. కొన్ని నెలలకొకసారి వచ్చి తీయించి, శుభ్రం చేయించుకోవాలన్నాను.

"దీంతో చేలోకి పోవచ్చా?"

"పోవచ్చమ్మా. నీళ్ల క్యాను మాత్రం ఎత్తొద్దు."

"మరెవరు ఎత్తాలి?"

"నీ కొడుకు."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త బయట బండి మీద ఫోను చూస్తూ కూర్చున్న కొడుకును కేకేసి, లోపలికి రమ్మంది.