చికాగో చలి, ఎండిన గాలి

ధనుర్మాసం వచ్చేసింది. అరోరా బాలాజీ గుళ్ళో మంచు బూట్లు విప్పుకునే చోట ఎవరిని కదిపినా ఒకటే గోల. పెదాలు పగులుతున్నాయి, రాత్రి పిల్లాడికి ముక్కులోంచి రక్తం వచ్చింది, తలుపు పిడి పట్టుకుంటే షాకు కొడుతోంది. గుంటూరు నుంచి మొదటిసారి చలికాలంలో వచ్చిన అమ్మానాన్నలైతే, తెల్లారేసరికి గొంతు పిడచకట్టుకుపోతోందని వాపోతున్నారు.

హీటరు తేమంతా తాగేస్తోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫర్నేస్ తేమను తీసేయదు. సున్నా సెల్సియస్‌కు 10 డిగ్రీలు కిందనున్న గాలి ఎంత నిండుగా తేమ పట్టినా, ఘనపు మీటరుకు 2 గ్రాముల పైచిలుకు నీటిని మించి మోయలేదు. ఆ గాలే తలుపు సందుల్లోంచి దూరి లోపల 21 డిగ్రీలకు వేడెక్కితే 18 గ్రాముల దాకా పట్టగలుగుతుంది. లోపలున్నది మాత్రం ఆ 2 గ్రాములే! అంటే తేమ 12 శాతం దరిదాపుల్లోకి పడిపోతుంది. లోటు పూడ్చుకోవడానికి ఆ గాలి మన చర్మం మీద, గొంతు మీద, చెక్క ఫ్లోరు మీద పడుతుంది. అందుకే గాలి ఎక్కువ చొరబడే పాత ఇళ్ళు మరీ ఎండిపోతాయి. నన్నడిగితే తేమ పెంచే హ్యూమిడిఫయర్ కొనేముందు తలుపుల కింద సందులు మూయించండి. గ్యాసు బిల్లూ తగ్గుతుంది.

తర్వాత కొనాల్సింది తేమ కొలిచే చిన్న మీటరు. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. కానీ చలి ముదిరినప్పుడు 30 దగ్గరే ఆగాలి, ఒక్కోసారి ఇంకా తగ్గించాలి. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. అలాంటి రోజున పట్టుబట్టి 45 శాతం నిలబెడితే కిటికీ అద్దాలు చెమర్చి, నీళ్ళు చట్రాల్లోకి కారి, బూజు పడుతుంది. ఆ బూజు ఎండిన గాలికంటే పెద్ద బెడద. అద్దం అంచున నీటి బొట్లు కనబడితే మిషను తగ్గించాల్సిందే.

బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన హ్యూమిడిఫయర్ ఉన్నవాళ్ళు ఒక్కసారి దాని మూత తీసి చూడండి. లోపలి ప్యాడ్‌కి సున్నం పేరుకుంటే నీళ్ళు ఊరికే డ్రెయిన్‌లోకి పోతాయి, తేమ మాత్రం పెరగదు. ఏటా చలికాలం మొదట్లో దాన్ని మార్చాలి. పడకగదిలో పొగలా నీటి తుంపరలు చిమ్మే చిన్న మిషనైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్ళు పోస్తే అందులోని ఖనిజాలు తెల్లటి దుమ్మై టీవీ మీదా, మంచం మీదా పడతాయి, ఊపిరితోపాటు లోపలికీ వెళతాయి. నీళ్ళు రోజూ పారబోయాలి, మూడు రోజులకోసారి ట్యాంకు కడగాలి. నిన్నటి నీళ్ళలో పెరిగిన క్రిములను పసివాళ్ళ మీదికి చిమ్మకూడదు కదా.

ఖర్చులేని మార్గం కూడా ఉంది. ఉతికిన బట్టల్లో కొన్ని రాత్రిపూట గదిలోనే స్టాండు మీద ఆరేస్తే తెల్లారేసరికి ఎండిపోతాయి, ఆ తేమంతా గదికే చేరుతుంది. స్నానం అయ్యాక బాత్రూం తలుపు తెరిచి ఉంచినా కొంత మేలే. పొంగలి ఆవిరి పోతుందని గ్యాసు పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం ఆపకండి. ఆవిరితోపాటు మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ కూడా ఇంట్లోనే మిగిలిపోతుంది.

ఇక అందరి దిగులూ కరివేపాకు కుండీ గురించే. అక్టోబరులో లోపలికి తెచ్చిన మొక్క డిసెంబరుకి ఆకులు రాల్చేస్తుంటే దాహమనుకుని నీళ్ళు పోసేస్తాం. ఆకు వెనక చూడండి. సన్నటి సాలెగూడు, కదిలే చుక్కలు ఉంటే అవి మొక్కలకు పట్టే నల్లులు (స్పైడర్ మైట్స్). పొడి గాలంటే వాటికి పండగ. షవరు కింద పెట్టి ఆకుల అడుగుభాగం బాగా కడగాలి, వారానికోసారి మళ్ళీ చూడాలి. వేడిగాలి వచ్చే వెంట్‌కి కుండీని దూరంగా జరపాలి. పైమట్టి ఎండాకే నీళ్ళు పోయాలి. చలికాలంలో కరివేపాకు ఎండడంకన్నా వేరు కుళ్ళి పోవడమే ఎక్కువ.

సంగీతం క్లాసుకు వెళ్ళే పిల్లల వయొలిన్లలో బిరడాలు జారుతున్నాయంటే అదీ ఈ పొడిగాలి పనే. వాయించనప్పుడు పెట్టెలో పెట్టి మూత వేయాలి, లోపల వయొలిన్ కోసమే అమ్మే తేమగొట్టం ఉంచితే కర్ర పగలదు.

ఒంటి సంగతంటారా, మరీ వేడినీళ్ళు మానేసి, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనో, మాయిశ్చరైజరో రాయాలి. పొడిగాలి బెడద చర్మంతోనే ఆగదు. 2007లో న్యూయార్క్‌లో గినీపందుల మీద జరిగిన పరిశోధనలో, చల్లటి పొడిగాలిలో ఫ్లూ తేలిగ్గా వ్యాపిస్తుందని తేలింది.

సంక్రాంతికి ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, ఆ మీటరు ముందు వాళ్ళ గదిలో పెట్టండి. వాళ్ళు అడగరు, సర్దుకుంటారు.