పేరు లేని సరస్సు

పెరూలో వరాస్ చేరగానే ముందు ఊరికే కూర్చోమంటారు. ఊరే 3,050 మీటర్ల ఎత్తున ఉంది మరి. పలచని గాలికి ఒళ్లు అలవాటు పడకుండా కొండెక్కితే తల పగిలిపోతుంది, తిన్నది నిలవదు. కోకా ఆకుల టీ తాగుతూ ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి. సెలవులు లెక్కబెట్టుకుని వచ్చేవాళ్లకి ఇది శిక్షే. నాకు మాత్రం ఈ నియమం నచ్చుతుంది.

వరాస్ నుంచి అందరూ వెళ్లేది లగూనా 69కి. 4,600 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సుకి పేరు లేదు, అంకె ఉంది. హిమానీనదం రుబ్బిన సన్నని రాతిపొడి నీళ్లలో తేలుతూ ఉంటుంది. కళ్లు నమ్మలేని ఆ నీలం దాని పుణ్యమే.

పాస్తొరురి హిమానీనదం దగ్గరైతే ఒకప్పుడు మంచు మీద స్కీయింగ్ చేసేవారు. మంచు కరిగి వెనక్కి పోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్లే దారికి ‘వాతావరణ మార్పు బాట’ అని పేరు పెట్టి చూపిస్తున్నారు. పోతున్నదాన్ని చూడటానికి ఇంధనం తగలేసి విమానంలో వెళ్తాం. వద్దనడానికీ నోరు రాదు, చూడాలనే ఉంటుంది.

లగూనా 69 దారి యుంగాయ్ అనే ఊరి మీదుగానే. 1970 మే 31న భూకంపానికి వస్కరాన్ శిఖరం నుంచి మంచూ రాళ్లూ విరిగిపడి పాత ఊరిని నిలువునా పూడ్చేశాయి. శ్మశానం గుట్ట మీద ఉన్న కొందరు బతికారు. పూడిన ఊరు ఇప్పుడు స్మారక స్థలం. సరస్సు తొందరలో ఉన్నవాళ్లు దాన్ని దాటిపోతారు. నన్నడిగితే సరస్సుకి ఒక గంట తగ్గించుకుని అక్కడ దిగాలి.