పలక మీద సుషీ

మా పెద్దదోర్నాలలో హోటలంటే శ్రీశైలం బస్సులు ఆగే చోటు. ఘాట్ రోడ్డు ఎక్కేముందు ఓ ప్లేటు ఇడ్లీ, దిగాక ఓ టీ. రాత్రిపూట అడవిలోకి వెళ్లే గేటు పడిందంటే ఆ సందడీ ఉండదు. అలాంటి ఊళ్లో యాభై ఏళ్లు కాపురం చేసిన మా అమ్మ, ఈమధ్య హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఓ జపాన్ హోటల్లో భోంచేసింది!

నాన్న పోయి ఏడాది దాటింది. మా దగ్గరికి వచ్చి ఉండమంటే అమ్మ వినదు. అక్కడేమో ‘ఒక్కదానికి పొయ్యెందుకే’ అంటూ పొద్దున వండింది ఓ ముద్ద తిని, రాత్రికి మజ్జిగ తాగి పడుకుంటుంది. ఫోన్లో ‘తిన్నావా’ అంటే ‘తిన్నాలే’ అంటుంది. ఆ ‘లే’ వినగానే నాకు తెలిసిపోతుంది, తినలేదని. మనిషి సగమైపోయింది. చివరికి కంటి ఆపరేషన్ పేరుతో పదిరోజులు తీసుకొచ్చాం.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి కంట ఆ హోటల్ బోర్డు పడింది. మధ్యాహ్నం పూట సుషీ భోజనం 349 రూపాయలట. సాయంత్రమైతే అదే ధరకి సగం కూడా రాదట. ‘అమ్మమ్మని తీసుకెళ్దామమ్మా’ అని పట్టుబట్టింది.

‘అమ్మమ్మ పప్పన్నమే సరిగ్గా తినట్లేదు. పచ్చి చేపలు తింటుందా?’ అన్నాను.

‘బిడ్డ అడుగుతుంటే కాదనేదేంది, పోదాం పదండి’ అంది అమ్మ.

ముందు ఓ చిన్న గిన్నెలో సోయా ముద్దతో చేసిన చారు తెచ్చారు. తర్వాత ఒక్కొక్కరి ముందూ ఎనిమిదేసి ముక్కలు పెట్టారు. ప్లేటు కాదు, నల్లటి పలక! అమ్మ వాటిమీదున్న తిండి చూడలేదు. పలక అంచుని వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి ఒగ్గింది.

‘మంచి రాయే. పగులు లేదు’ అంది.

అప్పుడు మొదలుపెట్టింది. పెళ్లికి ముందు మార్కాపురంలో పలకల పనికి వెళ్లేదట. గనిలోంచి వచ్చిన రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవారు. కోసి, నునుపు చేశాక చెక్క చట్రం బిగించడం ఆడవాళ్ల పని. కొట్టి చూస్తే మంచి పలక ఖంగున మోగుతుంది, పగిలింది బొంగురుపోతుంది. డజనుకింతని డబ్బులు. ‘ఎంతమంది పిల్లోళ్లు నా పలక మీద అఆలు దిద్దారో’ అని నవ్వింది.

నాకు నలభై ఏడేళ్లు. అమ్మ పలకల పని చేసిందని వినడం అదే మొదటిసారి.

దేశమంతా పిల్లల చేతికి పలకలిచ్చిన ఊరు మార్కాపురం. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. ఆ రాయే నేలకీ గోడలకీ అలంకారంగా మారి విదేశాలకీ వెళ్లింది.

కబుర్లలో పడి అమ్మ ఓ కీరదోస ముక్క నోట్లో వేసుకుంది. ‘ఏందే ఇది, చల్లగా పుల్లగా ఉంది?’ అంది. అన్నంలో వెనిగర్, చక్కెర, ఉప్పు కలుపుతారని మనవరాలు చెప్పింది. ‘అయితే పులిహోరే!’ అని తేల్చేసింది అమ్మ.

నిజమే. మన పులిహోర పేరులో ‘పులి’ అంటే పులుపు. సుషీ అన్న మాటకీ పాత జపాన్ భాషలో పులుపనే అర్థం. పూర్వం ఉప్పు వేసిన చేపని అన్నంలో కూరి నెలల తరబడి పులియబెట్టేవారు. తినేటప్పుడు అన్నం తీసి పారేసేవారు. ఈమాట చెబితే అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. ‘అన్నం పారేస్తారా!’ అంది. జొన్న సంగటి, కొర్రన్నం తిని, వరన్నం కోసం పండగదాకా ఆగిన తరం మరి.

ఇప్పుడు మనం చూసే సుషీ 1820ల ప్రాంతంలో టోక్యోలో రూపుదిద్దుకుంది. అప్పట్లో ఆ నగరం పేరు ఎదో. పనివాళ్లు బండి దగ్గర నిలబడి తినేసి వెళ్లే చౌక తిండి అది. మధ్యలో ఖరీదైపోయింది. 1958లో ఒసాకా దగ్గర ఒకాయన, బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద వెళ్లడం చూసి, ప్లేట్లని కూడా అలాగే తిప్పి మళ్లీ చౌక చేశాడు.

పక్కనున్న ఆకుపచ్చ ముద్దని మా అమ్మాయి వారించేలోపే అమ్మ నాలిక్కి రాసుకుంది. ముక్కులోంచి మాడుదాకా ఎక్కింది! కళ్లనీళ్లు తుడుచుకుంటూ ‘ఆవపెట్టిన పులిహోరే, అనుమానం లేదు’ అంది. అదీ నిజమే. అసలు వసాబీ మొక్క చాలా ఖరీదు. మామూలు హోటళ్లలో పెట్టేది చాలావరకూ ఆవ జాతి వేరుకి ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిందే.

పచ్చి సాల్మన్ ముక్క మాత్రం నా పలక మీదికి తోసేసింది. ‘చేపంటే పులుసులో ఉండాల’ అంది. నేనూ బలవంతపెట్టలేదు. పచ్చిగా వడ్డించే చేపని పురుగులు చచ్చేలా మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులుంచాలన్న నియమం కొన్ని దేశాల్లో ఉంది. అయినా పెద్దవాళ్లూ గర్భిణులూ దూరంగా ఉండటమే మేలు. జపాన్ వాళ్లే పచ్చి సాల్మన్ తినడం 1980ల్లో నార్వే వాళ్లు పనిగట్టుకుని ప్రచారం చేశాక అలవాటు చేసుకున్నారు. మా అమ్మకి ఇంకా టైముంది! నాకైతే వెన్నలా కరిగిపోయింది.

ఉడికించిన రొయ్యతో సహా మిగతా ఏడు ముక్కలూ అమ్మ తినేసింది. ఏడాదిలో ఒక్కపూట ఆమె అంత తినగా చూడలేదు. నేను లెక్కపెడుతున్నానని తెలియకుండా కిటికీవైపు తిరిగి కూర్చున్నాను.

ముగ్గురికీ పన్నుతో కలిపి పదకొండు వందలు. ‘నెలకి పప్పులొస్తాయి కదే’ అని దారిపొడుగునా గొణిగింది. మార్కాపురం గురించి మనవరాలు అడిగిన ప్రతి ప్రశ్నకీ మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పింది. రాత్రి పదకొండైనా ఆ గదిలో మాటలు ఆగలేదు.

ఊరెళ్లిన వారానికి తనే ఫోన్ చేసింది. ‘పులిహోర కలిపినా. ఆవ ఎక్కువేసినా, ముక్కు అదిరింది’ అంది. తిన్నావా అని నేను అడగలేదు. ‘రెండు పూటలా అదే తిన్నా’ అని తనే చెప్పింది. చివర్లో ‘లే’ లేదు.