జనం లేని వీధిలో దొంగలుండరా?

2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి మామూలు మద్దతు నిలిపివేసింది. అప్పటినుంచీ మా బరంపురంలో సెలవులకు ఇల్లు చేరిన పిల్లలు పెద్దవాళ్ళ పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి వెళుతున్నారు. "వాడేవాళ్ళు తక్కువ, దీనికి వైరస్ రాదు" అని ధైర్యం కూడా చెబుతున్నారు. మీ ఇళ్ళలోనూ ఇదే వరస అనుకుంటాను.

కామర్సు చదివినవాణ్ణి కనుక వాళ్ళ లెక్క నాకు అర్థమవుతుంది. వైరస్ రాసేవాడూ ఒక వ్యాపారే; గిరాకీ ఉన్న బజారులోనే కొట్టు పెడతాడు. కాని 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనేది సుమారు 6 లక్షల మాక్ కంప్యూటర్లలో దూరింది. జావాలోని ఆ లోపాన్ని ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సవరిస్తే, ఆపిల్ తనవాళ్ళకు ఏప్రిల్‌లో గాని అందించలేదు. మన జోలికెవరొస్తారులే అన్న నిశ్చింత కాబోలు!

అసలు లినక్స్ వాడకం తక్కువన్నది ఇళ్ళలోని కంప్యూటర్ల మాట. ఇంటర్నెట్ సర్వర్లు, ఆండ్రాయిడ్ ఫోన్లు, వైఫై రౌటర్లు చాలావరకు దానిమీదే నడుస్తాయి. 2016లో మిరాయ్ పట్టుకున్నది అటువంటి రౌటర్లనూ కెమెరాలనూ. కంపెనీవాళ్ళు పెట్టిన పాస్‌వర్డు ఎవరూ మార్చలేదు, అంతే.

లినక్స్ బలం వేరేచోట ఉంది. మామూలుగా వాడేవారికి అది యంత్రమంతటి మీదా అధికారం ఇవ్వదు. మా బ్యాంకులో ఒక్కరి తాళంతో ఖజానా తెరుచుకోనట్టే.

ఇంతకీ డబ్బు పోయిందని మా శాఖకు గాభరాగా వచ్చేవారిలో చాలామంది ఓటీపీని ఫోనులో తామే చెప్పినవారు. ఆ ఫోను ఏ రకందని నేనింతవరకూ ఎవరినీ అడగలేదు.